కుళ్ళాయప్ప తిరిగి వచ్చే తేదీ

ఆ రోజు ఎర్రిస్వామి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి ఆఫీసు తాళం తీయాలి. ఏడుంబావుకు రామలక్ష్మమ్మకు ఫోన్ చేసి ఆరంకెల నంబరు తీసుకోవాలి. దాంతో బోర్డులోకి పోయి, కుళ్ళాయప్ప పేరు మీదున్న పనులన్నీ తన పేరున తెరిచే కొత్త ఖాతాలోకి మార్చుకోవాలి. పదింటిలోపల ఆ తతంగం ముగించుకుని, సాయంత్రం ఇంటికి పోతూ రామలక్ష్మమ్మ గుమ్మం ముందు బండి ఆపి, "వదినా, రేపట్నుంచి నీకు ఈ బాధ లేదులే" అని చెప్పాలి. ఇందులో మొదటి మూడు పనులూ ఎవరైనా చేస్తారు. ఆ చివరి మాటే నాలుగు నెలలుగా అతని గొంతు దాటి రావడం లేదు.

బోర్డు అంటే గోడకు కొట్టిన చెక్క అనుకునేరు. ఎర్రిస్వామి పనిచేసేది గాలిమరలతో కరెంటు తీసే ఒక కంపెనీలో. మూడు రాష్ట్రాల్లో నలభై సైట్లు, మూడు వేల మంది ఉద్యోగులు, బెంగుళూరులో హెడ్డాఫీసు. ఏ సైటులో ఏ మర ఆగింది, ఎవరు ఎక్కారు, ఏ బోల్టు బిగించారు, ఇదంతా ఒకేచోట కనబడాలని రెండేళ్ళ కిందట ఒక సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఇంటర్నెట్ ఉంటే చాలు, ఎక్కడినుంచైనా తెరవొచ్చు. చేయాల్సిన పని ఎర్రగా, చేస్తున్న పని పసుపుగా, అయిపోయిన పని పచ్చగా కనిపిస్తుంది. దానికి పెద్ద ఇంగ్లీషు పేరొకటి ఉంది గానీ ముదిగుబ్బ సైటులో అందరూ రంగుల బోర్డనే అంటారు. పని ఆలస్యమైతే ఎందుకో చెప్పడానికి అందులో కారణాల జాబితా ఉంది. మొట్టమొదటి కారణం 'భారీ వర్షం'. రెండేళ్ళలో ముదిగుబ్బ వాళ్ళకు దాన్ని నొక్కే భాగ్యం ఒక్కసారి కూడా కలగలేదు.

బోర్డు వచ్చినప్పుడు ఎవరి ఖాతా వాళ్ళు తెరుచుకోవాలన్నారు. అయితే ముదిగుబ్బ సైటు పద్ధతి వేరు. అక్కడున్నది పదకొండు మంది. హాజరు పుస్తకం ఉన్న కాలం నుంచీ అందరి పనీ ఒకే చేత్తో రాయడం వాళ్ళకు అలవాటు, ఆ చెయ్యి కుళ్ళాయప్పది. ఆయన పెద్ద మెకానిక్. మర కింద నిలబడి ఒక్క నిమిషం చెవి పెట్టి వింటే పైన ఏ చక్రం అరిగిందో చెప్పగలిగేవాడు. అందుకని పదకొండు మంది పనీ ఆయన ఖాతాలోనే పడేది. రోజూ పొద్దున ఆయన ఫోన్‌కు ఒక నంబరు వచ్చేది. ఆయన దాన్ని సంతలో వేలం పాడినంత గట్టిగా చదివేవాడు, కంప్యూటర్ చూసే ఈశ్వరి దాన్ని కొట్టేది, అప్పుడు సైటులో పని మొదలయ్యేది.

ఉగాది పోయిన పదో రోజు కుళ్ళాయప్ప ఇంటి ముందర మంచం మీద కూర్చుని కాఫీ తాగుతూ అలాగే పక్కకు ఒరిగిపోయాడు. ఆస్పత్రికి చేర్చేలోపలే గుండె ఆగిపోయింది. యాభై నాలుగేళ్ళు, పోయే వయసు కాదు. చావు కాగితాలన్నీ ఎర్రిస్వామే పట్టుకుపోయి ఇచ్చాడు. వాటిని చూసే ఆఫీసు తాను చేయాల్సిందంతా సక్రమంగానే చేసింది. కాని ఆ ఆఫీసుకూ ఈ బోర్డుకూ ముఖపరిచయం లేదు. దినాలు ముగిశాక పన్నెండో రోజు సైటు తెరిస్తే బోర్డు మామూలుగానే నంబరు అడిగింది. నంబరు కుళ్ళాయప్ప ఫోన్‌కు పోయింది. ఆ ఫోన్ ఆయన భార్య రామలక్ష్మమ్మ దగ్గర ఉంది.

ఎర్రిస్వామి ఆ ఫోన్‌కు చేశాడు. ఇరవై రెండేళ్ళు ఒకే బండి మీద పనికి పోయిన మనిషి నంబరు అది. అటునుంచి ఆడగొంతు వినబడేసరికి తట్టుకోలేక పసిపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. రామలక్ష్మమ్మే సముదాయించింది.

"ఊరుకోప్పా, ఊరుకో. ఏదో నంబరొచ్చినాది, రాసుకో" అంది.

అప్పట్నుంచి రోజూ ఇదే వరస. నంబరు చెప్పాక ఆమె, "ఈ పొద్దు ఏం పనప్పా?" అని అడుగుతుంది. ఇతను గాలిమరలను వాళ్ళు పిలిచే తీరున ఏడో ఫ్యాను, పదో ఫ్యాను అంటూ చెబుతాడు. "జాగ్రత్తగా ఎక్కండి" అని ఆమె పెట్టేస్తుంది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో పొద్దున్నే మనిషి గొంతు వినబడేది ఆ ఒక్కసారే. ఖాతా మార్చితే ఆ ఫోన్ మోగదు, మోగకపోతే ఆమె రోజు ఎలా మొదలవుతుంది? ఈ దిగులుతోనే ఎర్రిస్వామి ఆ పనిని వాయిదా వేస్తూ వచ్చాడు. ఇప్పుడు బెంగుళూరు నుంచి గట్టి ఉత్తర్వు వచ్చింది. ఇకమీద ఒకరి ఖాతాలో ఇంకొకరు వేలు పెట్టకూడదట.

"వదినా, వచ్చిందా?" అని ఆ రోజు ఏడుంబావుకు ఎర్రిస్వామి ఫోన్ చేసి అడిగాడు.

"వచ్చినాదప్పా. నాలుగు, సున్నా, ఏడు, ఏడు, ఒకటి, తొమ్మిది. గొంతు అట్లుండాదేమి? జలుబా?"

"గాలి వదినా, గాలి."

"తలకు గుడ్డ కట్టుకో."

అతను సరేనని పెట్టేసి, ముఖం తుడుచుకుని, ఈశ్వరి పక్కన కుర్చీ లాక్కున్నాడు. ఈశ్వరి చురుకైన పిల్ల. ఇంటి దగ్గర నాలుగెకరాల చెనిక్కాయ చేను వాన కోసం ఎదురుచూస్తూ వాడిపోతోంది, ఆ చికాకంతా కంప్యూటర్ మీద చూపిస్తుంది. టకటకా నాలుగు మీటలు నొక్కి ఆగిపోయింది.

"అన్నా, పనులు ఎందుకు మార్చుకుంటాండారో కారణం అడుగుతాండాది."

"ఏముండాయి?"

"బదిలీ. పదోన్నతి. పని ఒత్తిడి. సెలవు."

"చావు యాడుండాది?"

"లేదన్నా."

"కిందికి జరిపి చూడు పాపా."

"జరిపినా. సెలవు కింద ఇంగేమీ లేదు."

మూడు వేల మంది పనిచేసే కంపెనీలో మనిషి పైకి పోవచ్చు, పక్క ఊరికి పోవచ్చు, కొన్నాళ్ళు కనబడకుండా పోవచ్చు. చచ్చిపోవచ్చునన్న సంగతి మాత్రం ఆ జాబితా రాసినవాడికి తట్టలేదు. బహుశా కుర్రవాడై ఉంటాడు. ఇద్దరూ కాసేపు తర్జనభర్జన పడి, ఉన్నవాటిలో సెలవే కాస్త మర్యాదగా ఉందని తేల్చి దాన్ని నొక్కారు. బోర్డు వెంటనే తిరిగి వచ్చే తేదీ ఎప్పుడని అడిగింది. ఖాళీగా వదిలేస్తే ఒప్పుకోలేదు. వందేళ్ళ తర్వాతి తేదీ వేస్తే, సెలవు తొంభై రోజులకు మించరాదని ఎర్రటి అక్షరాలతో గద్దించింది.

"ఏదో ఒక తేదీ కొట్టేస్తానన్నా. నాకు మస్తు పనుండాది" అంది ఈశ్వరి.

"ఏదో ఒకటి ఎట్ల కొడతావు? అన్న పేరు మీద నేను అబద్ధం రాయిస్తానా?"

ఎర్రిస్వామి లేచి గోడకున్న క్యాలెండర్ దగ్గరికి పోయాడు. కాగితాలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట వేలు పెట్టి ఆపాడు.

"పెద్దల అమావాస్య కొట్టు."

ఈశ్వరి అతనివైపు చూసింది.

"ఆ పొద్దు వస్తాడు గదమ్మా. అందరి పెద్దోళ్ళూ ఇంటికి వస్తారు, మాయన్న రాడా?"

ఈశ్వరికి ఇందులో తప్పేమీ కనబడలేదు. ఆమె ఇంట్లోనూ ఏటా ఆ రోజు చనిపోయిన తాతకు విస్తరి వేసి, కొత్త పంచె పెట్టి, తలుపు తీసి ఉంచుతారు. తేదీ కొట్టింది. బోర్డు పచ్చబడింది. ఇద్దరూ హమ్మయ్య అనుకున్నాక కింద చిన్న అక్షరాలు కనిపించాయి. సెలవులో ఉన్న ఉద్యోగి పనులను ఇంకొకరికి మార్చడం కుదరదనీ, తిరిగి వచ్చేవరకూ అవి అదే ఖాతాలో ఉంటాయనీ వాటి సారాంశం. అంటే రేపు పొద్దున కూడా రామలక్ష్మమ్మకు ఫోన్ చేయాల్సిందే. ఎర్రిస్వామి పైకి తల కొట్టుకున్నాడు గాని లోపల పండగలాగే ఉంది. సాయంత్రం ఆమె గుమ్మం ముందు బండి ఆపకుండా ఇంటికి పోయాడు.

ఆ బోర్డుకు ఒక గుణం ఉంది. ఒకరి సంగతి అందరికీ చెప్పందే దానికి నిద్ర పట్టదు. 'కుళ్ళాయప్ప గారు సెలవులో ఉన్నారు, ఫలానా తేదీన తిరిగి వస్తారు' అని మూడు వేల మందికీ కబురు పెట్టింది. ఆయన చావు ముదిగుబ్బ చుట్టుపక్కల తెలుసు గాని దూరపు సైట్ల వాళ్ళకు ఆయన ఒక పేరు, హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న ఒక బొమ్మ, అంతే. హాయిగా విశ్రాంతి తీసుకోమని నలుగురు రాశారు. గుత్తి సైటుకు కొత్తగా వచ్చిన ఓబిలేష్ అనే ఇంజనీరు, సార్ ఎక్కడికి వెళ్ళారని అడిగాడు. అడిగినవాడికి జవాబివ్వకపోతే బాగుండదని ఈశ్వరి, 'ఊర్లో లేరు' అని రాసింది.

ఇదిలా ఉండగా సైటులో మిగిలిన పదిమందీ మామూలుగానే మరలెక్కి దిగుతున్నారు, పని మామూలుగానే కుళ్ళాయప్ప ఖాతాలో పడుతోంది. బోర్డు ప్రకారం ఆయన సెలవులో ఉన్నాడు, అదే సమయంలో నాలుగు మరల మీద బోల్టులు బిగిస్తున్నాడు. ఇది చూసి ఎవరికైనా అనుమానం రావాలి. బెంగుళూరులో ప్రాజెక్టులన్నీ చూసే శశికుమార్‌కు మాత్రం గౌరవం పుట్టింది. ఆయన చూసేది మనుషుల్ని కాదు, మనుషుల పని చూపించే గీతను. గీత పైకి పోతున్నంతసేపూ ఎందుకు పోతోందని అడిగే అలవాటు హెడ్డాఫీసులో ఎవరికీ లేదు. సెలవులో కూడా పని మానని ఈ మనిషిని చూసి అందరూ నేర్చుకోవాలని ఆయన కంపెనీ అంతటికీ ఉత్తరం రాశాడు.

ఇంకేముంది, నలభై సైట్లూ కుళ్ళాయప్ప మీద పడ్డాయి. బోర్డులో ఎవరైనా ఎవరి మీదైనా పని వేయొచ్చు. ఎక్కడెక్కడ మర మొరాయించినా, నూనె కారినా, రెక్క వణికినా, వాళ్ళ చేత కానిదంతా ఆయన తిరిగి వచ్చే రోజుకు వేసి చేతులు దులుపుకున్నారు. వినాయక చవితి నాటికి అవి నూట నలభై మూడయ్యాయి. ఈశ్వరి పొద్దున్నే వాటిని చదువుతుంటే ఎర్రిస్వామి కుర్చీలో కూర్చోలేక లేచి గుమ్మంలోకి పోయేవాడు. బతికున్నన్నాళ్ళూ అన్నను ఎవరూ ఒక్కనాడూ మెచ్చుకున్న పాపాన పోలేదు, ఇప్పుడు దేశమంతా ఆయన రాక కోసం కాచుకుని ఉంది. అతనికి కోపమూ దుఃఖమూ కలిసి వచ్చేవి.

నూట నలభై మూడు పనులకు ఒక్క రోజులో నూట తొంభై గంటలు పడుతుందని బోర్డు లెక్క కట్టి, ఈ ఉద్యోగి ఆరోగ్యం జాగ్రత్త అని హెడ్డాఫీసుకు హెచ్చరిక పంపింది. మర్నాడు రామలక్ష్మమ్మ నంబరు చెప్పాక వెంటనే పెట్టలేదు.

"నిన్న ఎవురో ఆడమనిషి చేసినాదప్పా. పద్మజంట, బెంగుళూరంట. మీ ఇంటాయనకు పని ఎక్కువైపాయ, ఇంట్లో విశ్రాంతి తీసుకుంటాండాడా లేదా అని అడిగినాది."

"నువ్వేమంటివి వదినా?"

"నిజం చెప్తే నీకేమన్నా మాట వస్తాదేమోనని, ఇంట్లో లేడమ్మా అంటి."

"అంతేనా?"

"నీళ్ళు బాగా తాగమని చెప్పమనె. చెప్తాలేమ్మా అంటి." ఒక్క క్షణం ఆగి, "ఆ ఫోటో ముందర చెంబుతో నీళ్ళు పెట్టినాలే. అంత దూరం నుంచి చెప్పినాది గదా" అంది.

ఆ మాట విన్నాక ఎర్రిస్వామి ఇక ఆలస్యం చేయకూడదనుకున్నాడు. ఈశ్వరి చేత బోర్డులో అందరికీ కనబడేలా రాయించాడు: 'కుళ్ళాయప్ప గారు ఏప్రిల్ నెలలోనే చనిపోయారు. ఇది రాయిస్తున్నది ఎర్రిస్వామి.' అయితే రాసింది కుళ్ళాయప్ప ఖాతాలోనుంచి. కనుక ఆ వార్త పైన హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న కుళ్ళాయప్ప బొమ్మే వచ్చింది. అరగంటలో జవాబులు మొదలయ్యాయి. పని ఒత్తిడికి తామూ ఏనాడో చచ్చిపోయామని ఒకరు రాశారు. సెలవులో ఉండి కూడా ఇంత హాస్యమా అని ఇంకొకరు మెచ్చుకున్నారు. ఓబిలేష్ ఒక్కడే, 'ఎర్రిస్వామి ఎవరు?' అని అడిగాడు. ఎంత వెతికినా ఆ పేరుతో బోర్డులో ఎవరూ దొరకలేదట. చచ్చినవాడు ఉన్నాడు, బతికున్నవాడు లేడు.

ఆఖరికి ఎర్రిస్వామి ధైర్యం తెచ్చుకుని శశికుమార్‌కే ఫోన్ చేశాడు.

"సార్, ముదిగుబ్బ నుంచి సార్. కుళ్ళాయప్పన్న సంగతి ఒకటి చెప్పల్ల."

"ఆయన గురించేగా? నాకంతా తెలుసండీ. నేనే స్వయంగా వస్తున్నాను, సెలవు అయిపోయే రోజున. శాలువా, జ్ఞాపిక అన్నీ సిద్ధం. ఆయనకు ముందే చెప్పకండి."

"అది కాదు సార్, ఆయప్ప..."

"ఏదున్నా బోర్డులో రాయండి, చూస్తాను. బోర్డులో లేనిది జరగనట్టే కదా" అని నవ్వి ఆయన ఇంకో మీటింగులోకి వెళ్ళిపోయాడు.

పెద్దల అమావాస్య వచ్చింది. సైటుకు సెలవు. ఆకాశంలో తెల్లమబ్బులు వస్తున్నాయి, పోతున్నాయి, ఒక్కటీ నిలబడడం లేదు. ఎర్రిస్వామి తన ఇంట్లో పెద్దలకు పెట్టే పని భార్యకు వదిలేసి, పొద్దున్నుంచీ ధర్మవరం దారిలో ఎండలో నిలబడ్డాడు. బెంగుళూరు కారు రాగానే అడ్డం పడి ఆపాలి, కాళ్ళయినా పట్టుకోవాలి, రామలక్ష్మమ్మ గుమ్మం తొక్కకుండానే తిప్పి పంపాలి. ఉద్యోగం పోతే పోయింది. పండగ పూట ఆమె ముందు ఈ రభస జరగకూడదు. మధ్యాహ్నం దాకా అలాగే నిలబడ్డాడు. కారు అటు రాకుండా కదిరి దారిలో వచ్చింది. ఈశ్వరి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పగానే బండి తిప్పి ఊళ్ళోకి పరుగు తీశాడు.

అప్పటికి శశికుమార్ రామలక్ష్మమ్మ వసారాలో ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, చంకలో శాలువా, ఒక చేతిలో జ్ఞాపిక. రెండో చేత్తో ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. అందులోంచి నలభై సైట్ల వాళ్ళూ చూస్తున్నారు. "మిత్రులారా, ఇదే ఆ కార్యదక్షుడి ఇల్లు" అంటున్నాడు. ఇంటికి వచ్చినవాళ్ళెవరో తన మొగుడికి తెలిసినవాళ్ళే అయి ఉంటారనుకుని రామలక్ష్మమ్మ ఎదురు వచ్చింది.

"రాప్పా, కూసో. టయానికి వచ్చినావు, ఇప్పుడే విస్తరి వేస్తాండా."

"సార్ ఎక్కడమ్మా?"

ఆమె లోపలికి చూపించింది. గోడవార పీట మీద ఫోటో ఉంది. అదే హెల్మెట్, అదే నవ్వు. దానికి చేమంతుల దండ. ముందర మడతపెట్టిన కొత్త పంచె, తువ్వాలు, బీడీ కట్ట, చెంబుతో నీళ్ళు, విస్తట్లో రాగిసంగటి, కోడికూర, వడలు. శశికుమార్ చెయ్యి ఇంకా ఎత్తే ఉంది. ఫోన్లో నలభై సైట్లూ ఒక్కసారి మౌనం వహించాయి. ఆయన దాన్ని ఆపి జేబులో పెట్టుకోవడానికి కాస్త సమయం పట్టింది.

ఎర్రిస్వామి రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎప్పుడు?" అని అడిగాడు శశికుమార్.

"ఉగాది పోయిన పదో పొద్దు సార్."

"ఇన్ని నెలలు... ఎందుకు చెప్పలేదు?"

జాబితాలో చావు లేదనీ, రాస్తే నవ్వారనీ, ఫోన్ చేస్తే వినలేదనీ చెప్పడానికి ఎర్రిస్వామి నోరు తెరిచాడు. మళ్ళీ తనకే అది సరిగ్గా అనిపించలేదు.

"నిజం చెప్తా సార్. గట్టిగా చెప్పింటే ఎప్పుడో అయిపోతాండె. నేనే చెప్పలా. ఖాతా మూస్తే నంబరు రాదు, నంబరు రాకుంటే నేను వదినకు ఫోన్ చేసేదానికి లేదు. పిల్లోళ్ళు గూడ లేరు సార్. పొద్దున్నే ఆ ఫోన్ మోగకపోతే ఆయమ్మ ఎట్ల బతుకుతాదో అని..."

రామలక్ష్మమ్మ చేతిలో గరిటె పట్టుకునే వెనక్కి తిరిగింది.

"ఎవురి కోసరం?"

"నీ కోసరమే వదినా."

ఆమె అక్కడే గోడకు చేరగిలబడి కూర్చుంది.

"నీ ఇల్లు బంగారం గానూ! పదకొండో దినం నాడే ఆ ఫోన్ ఆపి పెట్టెలో పెట్టాలనుకుంటినప్పా. నువ్వు ఫోన్ చేసి ఏడిస్తివి. నేను గాన ఆపితే ఈ పిచ్చోడు ఏమైపోతాడో, ఆ నంబరు లేకుంటే వీని పని యాడ పోతాదో అని దినామూ చార్జింగ్ పెట్టుకొని కాచుకుంటాండా. అది మోగితే చాలు, ఆయప్ప లేచి తీస్తాడని లోపలికి చూస్తా. రోజూ చూస్తా. ఆయన మీకు ఒకసారే పోయినాడు. నాకు దినామూ పొద్దున్నే పోతాండాడు."

ఆమెకు ఊరట ఇస్తున్నానని ఎర్రిస్వామి ఇన్నాళ్ళూ తృప్తిపడ్డాడు. ఏడుంబావు ఎప్పుడవుతుందా అని రోజూ ఎదురుచూసింది తానేనని, ఆ గొంతు వినకపోతే రోజు మొదలుకానిది తనకేనని అప్పుడు తెలిసింది. సిగ్గుతో తలెత్తలేకపోయాడు. "తప్పయిపాయ వదినా" అన్నాడు, ఆ మాట కూడా సరిగ్గా వినబడలేదు.

రామలక్ష్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏడుపు మధ్యలోనే ఆమెకు ఎందుకో నవ్వు వచ్చింది.

"సరిపాయ. నా కోసరం నువ్వు, నీ కోసరం నేను. ఇద్దరం కలిసి ఆయప్పను నిమ్మళంగా పోనీకపోతిమి." తర్వాత శశికుమార్ వైపు చూసి, "నువ్వు నిలబడే ఉండావేమప్పా? చేతులు కడుక్కో. ఈ పొద్దు గడప తొక్కినోళ్ళు తినకుండా పోకూడదు" అంది.

శశికుమార్ శాలువాను పంచె పక్కన పెట్టాడు. జ్ఞాపికను ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే కూర్చున్నాడు. సంగటి ముద్దను అన్నంలా నమలబోతే, "నమలాకు, మింగు" అని రామలక్ష్మమ్మ మందలించింది. మూడు వేల మందికి పని చెప్పే మనిషి గొంతులో ముద్ద అడ్డం పడి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. అవి ముద్ద వల్ల వచ్చాయో, ఇంకెందువల్ల వచ్చాయో ఆయనే చెప్పాలి. తిన్నాక చెయ్యి కడుక్కుని, బోర్డు తెరిచి, కుళ్ళాయప్ప ఖాతా మూసే పని మొదలుపెట్టాడు. ఎంత పెద్ద అధికారి మూసినా ఖాతాదారు ఒప్పుకోవాలట. లోపల గూట్లో ఉన్న ఫోన్ టింగుమంది. ముగ్గురూ ఒక్కసారే అటు చూశారు.

రామలక్ష్మమ్మ లేచి పోయి ఫోన్ తీసింది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క అంకే చదివింది.

"మూడు. మూడు. ఎనిమిది. సున్నా. ఐదు." చివరి అంకె దగ్గర ఆగింది. ఎవరూ తొందరపెట్టలేదు. "రెండు" అంది.

తర్వాత ఫోన్ అంచునున్న మీటను తెర నల్లబడేదాకా నొక్కి పట్టుకుంది. పంచె తీసి పెట్టెలో పెట్టేటప్పుడు దాన్ని కూడా ఆ మడతలో ఉంచి మూత వేసింది. ఎర్రిస్వామికి కొత్త ఖాతా వచ్చింది, దానితోపాటు నలభై సైట్ల నుంచి నూట నలభై మూడు ఎర్రటి పనులూ వచ్చాయి. అతను వాటిని చూడను కూడా చూడలేదు. పోబోతుంటే ఆమె గుమ్మం దాకా వచ్చి, "ఇంగ ఫోన్ చేయాకు. ఊరికే వచ్చి పోతా ఉండు" అంది. అతను తలూపాడు.

మర్నాడు ఏడుంబావుకు ఎర్రిస్వామి సొంత ఫోన్‌కే సొంత నంబరు వచ్చింది. ఈశ్వరికి చదివి చెప్పాడు. ఆ తర్వాత ఆఫీసు వెనక్కి పోయి, అలవాటైన వేలితో పాత నంబరు నొక్కాడు. స్విచ్ ఆఫ్ చేసి ఉందని ఒక అమ్మాయి మూడు భాషల్లో చెప్పింది. మూడూ అయ్యేదాకా విన్నాడు.

బెంగుళూరు చేరాక శశికుమార్ కంపెనీలో అందరికీ కనబడేలా బోర్డులో ఈసారి తన పేరుతోనే రాశాడు: 'మన కుళ్ళాయప్ప గారు ఇక లేరు.' సాయంత్రానికి ఆ వార్త కింద రెండువందల పన్నెండు మంది బొటనవేలు పైకెత్తారు.